పాల డబ్బా మీది చిన్న అక్షరాలు

అమెరికాలో చాలా పాల డబ్బాల మీద ‘ఆర్‌బీఎస్‌టీ వాడని ఆవుల పాలు’ అని ఉంటుంది. అక్కడి తెలుగువాళ్ల ఫ్రిజ్‌లలో ఉండేవీ ఆ డబ్బాలే.

ఆవు పిట్యూటరీ గ్రంథిలో సహజంగా తయారయ్యే ఎదుగుదల హార్మోనుకు బ్యాక్టీరియా చేత చేయించిన నకలే ఆర్‌బీఎస్‌టీ.
రెండు వారాలకోసారి సూది వేస్తే పాలు సుమారు 10–15 శాతం పెరుగుతాయి.
మోన్‌శాంటో కంపెనీ తయారుచేసిన ఈ మందుకు 1993లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది.

కొనేవాళ్ల భయం, ఆ హార్మోను పిల్లల ఒంట్లోకి చేరుతుందేమోనని.
అది ప్రొటీన్, కడుపులో అరిగిపోతుంది. పైగా ఆవు హార్మోను మనిషి శరీరంలో పనిచేయదు.
వాదన నడిచేది ఐజీఎఫ్-1 అనే మరో పదార్థం చుట్టూ. పాలలో అది కాస్త పెరుగుతుంది. మన శరీరం రోజూ సొంతంగా తయారుచేసుకునే దాని ముందు అది చాలా తక్కువని ఎఫ్‌డీఏ లెక్క.

బాధ పడేది ఆవు. (ఆ ముక్క పాల డబ్బా మీద ఎవరూ రాయరు.)
పొదుగువాపు ముప్పు పెరుగుతుందని మందుతో వచ్చే చీటీలోనే ఉంది. కుంటితనం కూడా తోడవుతుందని 1999లో కెనడా ఈ మందును కాదంది. ఐరోపా యూనియన్ 2000 నుంచి శాశ్వతంగా నిషేధించింది.

‘అసలు హార్మోన్లే లేని పాలు’ మాత్రం ఏ దేశంలోనూ దొరకవు. సహజమైనవి ఏ పాలలోనైనా కొద్దిగా ఉంటాయి.