పురుగు ముట్టింది

మాది నౌపడ. ఎక్కడుంది అని అడుగుతారని ముందే చెప్పేస్తున్నా. శ్రీకాకుళం జిల్లా. విశాఖ వైపునుంచి వస్తే పలాసకి కాస్త ముందు తగులుతుంది. ఉప్పు మళ్ళకీ, 1900లో వేసిన పర్లాకిమిడి రైలుకీ పేరు. ఆ బుల్లి రైలు ఇప్పుడు లేదు, దాని దారిలోనే పెద్ద పట్టాల మీద గుణుపురం బండి పోతుంది. ఉప్పు మాత్రం ఇంకా ఉంది. మా చిన్నాన్న అరికాళ్ళు చూస్తే తెలుస్తుంది, సగం ఉప్పే తినేసింది.

ఇంతకీ నేను చెప్పొచ్చింది ఊరి గురించి కాదు, 'బైట్' అనే ఇంగ్లీషు ముక్క గురించి. మన ఫీల్డులో ఈ మాట వినని రోజుండదు కదా. 1956లో ఐబీఎంలో వెర్నర్ బుక్హోల్జ్ అనే ఆయన కంప్యూటర్ ఒక్క ఊపులో మింగే బిట్ల గుంపుకి ఓ పేరు కావాలనుకున్నాడు. 'కొరుకు' అనే అర్థమున్న 'బైట్' బాగుందనుకున్నాడు. కానీ ఆ స్పెల్లింగే ఉంచితే ఎవడో ఒకడు చివరి అక్షరం ఎగరగొట్టి 'బిట్' అని రాసేస్తాడని మధ్యలో 'ఐ' తీసి 'వై' పెట్టాడు. ఒక్క అక్షరం తేడాకి ఏం కొంపలు మునుగుతాయో ముందే ఊహించినవాడు! తర్వాత అందులో సగానికి, అంటే నాలుగు బిట్లకి, 'నిబుల్' అని పేరు పెట్టుకున్నారు. ఎలక కొరికినట్టు చిన్నగా కొరకడం. ఇంజినీర్లకీ హాస్యం ఉంటుందండీ, ఎవరూ నమ్మరు గానీ :)

ఈ బైట్‌కి మూలం వెతికితే ఇంకో సరదా. మన సంస్కృతం 'భిద్' ధాతువూ (భేదం, భిన్నం) ఇదీ ఒకే తాత మనవలట. చీల్చడం అని అసలర్థం. ఇంగ్లీషులో బిట్టు, బిట్టరు, పురుగుల్లో బీటిలూ అన్నీ ఆ కుటుంబమే. బీటిల్ అంటే కొరికేది అని.

అయితే ఇంగ్లీషువాడికి కుక్క కరిచినా బైటే, పాము కాటేసినా బైటే, దోమ కుట్టినా బైటే, మనం జామకాయ కొరికినా బైటే. మనకలా కుదరదు. కుక్క కరుస్తుంది, పాము కాటేస్తుంది, దోమా చీమా తేలూ కుడతాయి, ఎలక కొరుకుతుంది. కొత్త చెప్పు కూడా కరుస్తుంది. పసిపిల్ల అమ్మని కరుచుకుని పడుకుంటుంది, అందులో నొప్పి లేదు. చొక్కా అంచు అడ్డం పెట్టి మావిడిముక్క కొరికి ఫ్రెండుకిస్తే అది కాకెంగిలి, దానికి ఇంగ్లీషు మాట ఉంటే చెప్పండి, నేర్చుకుంటాను. మన భాషలో ఇన్ని మాటలున్నాయని నాకో గర్వం ఉండేది. 2023 జూలై దాకా.

ఆ రాత్రి మాకు రిలీజు. ప్రొడక్షన్లో ఓ బగ్గు, నాలుగైనా దొరకడం లేదు. బగ్గంటే పురుగేగా. 1947లో హార్వర్డ్ మార్క్-2 రిలేలో చిక్కుకున్న చిమ్మెటని పట్టి లాగ్ బుక్కులో టేపుతో అంటించారని మనందరం చదువుకున్నాం (ఆ మాట అంతకు ముందునుంచే ఉంది, ఎడిసన్ కూడా వాడాడు, అది వేరే సంగతి). అలాంటి సమయంలో పిన్ని ఫోను.

"చిన్నాన్నకి పురుగు ముట్టీసినట్టుందిరా. కడుపునొప్పని గింజుకుంటన్నాడు. ఏటి సేద్దుమో తెలవట్లేదు."

వానలకి ఉప్పు పని ఆగిపోతే చిన్నాన్న పొలం కావలికి వెళ్ళి పాకలో కింద పడుకుంటాడు. ఎక్కడ ముట్టిందంటే తెలీదంది. వాపు లేదు, మంట లేదు. నేను ఏడో తరగతినుంచీ హాస్టళ్ళలో పెరిగినవాణ్ణి. వెంటనే మా రూమ్మేట్ వాళ్ళన్నయ్య డాక్టరని ఆయన్ని నిద్రలేపి, చక్కటి ఇంగ్లీషులో చెప్పాను. ఇన్‌సెక్ట్ బైట్ అని. వాపు లేదన్నాను, కడుపునొప్పి అన్నాను. ఏదైనా అలర్జీ అయుంటుంది, సెట్రిజిన్ వేసి తెల్లారాక చూపించమన్నారు. నేను చెప్పినదానికి ఎవరైనా అదే అంటారు. పిన్నికి అదే చెప్పి మళ్ళీ నా పురుగు వెతుక్కోవడంలో పడ్డాను.

నలభై నిమిషాలకి మళ్ళీ ఫోను. ఈసారి మామ్మ.

"ఏటిరా, మాత్రేటి నీ బొంద! కళ్ళు ఇప్పలేకపోతన్నాడు. పురుగంటే పురుగేట్రా? నేలపురుగురా!"

అప్పుడు వెలిగింది. రాత్రిపూట పాముని పాము అనకూడదు. అంటే వస్తుందని. మా ఇంట్లో అందరూ పురుగనే అనేవారు. 'కాటేసింది' అని కూడా అనరు, మెల్లిగా 'ముట్టింది' అంటారు. చిన్నప్పుడు ఈ మాట నేను వందసార్లు విన్నాను. ఇన్నేళ్ళలో ఎక్కడ రాలిపోయిందో, నా బుర్రలో పురుగుకి ఇన్‌సెక్ట్ అన్న ఒక్క అర్థమే మిగిలింది.

మళ్ళీ డాక్టరుగారికి చేశాను. ఈసారి పాము అన్నాను. ఆయన గొంతే మారిపోయింది. "రెప్పలు వాలుతున్నాయా? మాట ముద్దగా వస్తోందా? అది కట్లపాము అయ్యుంటుంది. నూటెనిమిదికి చేయండి, దేనికీ ఆగొద్దు."

తర్వాత చదివి తెలుసుకున్నాను. కట్లపాము కోరలు చాలా చిన్నవి. నిద్రలో ఉన్నవాడికి కరిచినట్టే తెలీకపోవచ్చు. గాటు కనబడదు, వాపు ఉండదు. కడుపునొప్పితో మొదలై రెప్పలు వాలి, చివరికి ఊపిరి తీసే కండరాలు ఆగిపోతాయి. విషం నరాల చివర్లని దెబ్బతీశాక విరుగుడు మందిచ్చినా అవి వెంటనే కోలుకోవు, అందుకే ప్రతి నిమిషం లెక్కే. మనదేశంలో 2000 నుంచి 2019 దాకా పాముకాటుకి 12 లక్షలమంది పోయారని 2020లో వచ్చిన అధ్యయనం అంచనా. ఏడాదికి 58 వేలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని నిర్లక్ష్యానికి గురైన జబ్బుల జాబితాలో చేర్చింది 2017లో. మంత్రం వేస్తే బతికారని చెప్పేవాళ్ళు మా ఊళ్ళోనూ ఉన్నారు. విషం దిగని ఉత్తి కాట్లూ, విషం లేని పాములూ ఉన్నంతకాలం మంత్రగాళ్ళకి పేరొస్తూనే ఉంటుంది.

చిన్నాన్న బతికాడు. పది వయల్స్ మందు, అయిదురోజులు వెంటిలేటరు. నేను వెళ్ళేసరికి గొట్టం తీసేశారు. కేస్ షీటు అడిగి చూశాను. 'అన్‌నోన్ బైట్' అని రాసుంది. పాముని ఎవరూ చూడలేదు కాబట్టి అలా రాశారు. నాకా మాట నచ్చింది. తెలియనిదాన్ని తెలియదని రాశారు, నాలాగ ఇన్‌సెక్టని కాదు.

ఆ నలభై నిమిషాల సంగతి చిన్నాన్నకి చెప్పాలా వద్దా అని రెండ్రోజులు కొట్టుకున్నాను. చెప్పాను. ఆయన గొంతు ఇంకా బొంగురుగానే ఉంది.

"నీదేటి తప్పు? మీ పిన్ని పామని సెప్పాలి గానీ."

పక్కనే ఉన్న పిన్ని గబుక్కున కిటికీ వైపు చూసింది. అప్పటికే చీకటి పడింది. "ఊరుకోండి, ఆ పేరెత్తకండి," అంది.

వచ్చేముందు ఒక దోమతెర, మడత మంచం, మంచి టార్చిలైటు కొనిచ్చాను. పిన్నికి నూటెనిమిదికి ఫోను చేసినప్పుడు మాత్రం పేరెత్తాల్సిందేనని ఒట్టు వేయించుకున్నాను. పగలే వేసింది.