ప్రింటరు క్షేమసమాచారం

1980 ప్రాంతంలో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో కృత్రిమ మేధ ప్రయోగశాలకు జెరాక్స్ కంపెనీ ఒక లేజర్ ప్రింటరును బహూకరించింది. అంతకుముందున్న యంత్రం కంటె దీని వేగం ఎక్కువ. అక్షరం కూడా తీరుగా వచ్చేది. చిక్కల్లా ఒక్కటే. యంత్రం ఒక చోట, దానితో పని ఉన్నవారు మరొక చోట. కాగితం ఇరుక్కుని అది ఆగిపోయినా ఎవరికీ తెలిసేది కాదు. చాలాసేపటి తరువాత ఎవరో తమ కాగితాల కోసం వెళ్లి చూస్తే, అంతకు ముందరి వారి పనే సగంలో నిలిచి ఉండేది.

ఆ ప్రయోగశాలలో పనిచేస్తున్న రిచర్డ్ స్టాల్‌మన్ పాత యంత్రం విషయంలో ఒక చిన్న ఉపాయం పన్నాడు. కాగితం ఇరుక్కోకుండా చేయడం అతని చేతిలో లేదు. ఇరుక్కున్నప్పుడు మాత్రం, ఎవరెవరి పనులు వరుసలో ఆగి ఉన్నాయో వారందరికీ ఆ సంగతి తెరమీద కనబడేటట్లు ప్రోగ్రామును మార్చాడు. కబురందిన వారిలో ఎవరో ఒకరు లేచి వెళ్లి సరిచేసి వచ్చేవారు. కొత్త యంత్రానికీ అదే ఏర్పాటు చేద్దామంటే దాని ప్రోగ్రాము మూలప్రతి దొరకలేదు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఒకరి దగ్గర ఉన్నదని విని వెళ్లి అడిగితే, ఎవరికీ ఇవ్వనని ఒడంబడిక చేసుకున్నానని ఆయన నిరాకరించాడు. 1983 సెప్టెంబరులో తాను ప్రకటించిన గ్నూ ప్రణాళికకు, దాని వెంట పెరిగిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ఉద్యమానికి ఈ అనుభవం ఒక కారణమని స్టాల్‌మనే పలుమార్లు చెప్పాడు.

ఉద్యమం కథ కంప్యూటరు రంగంలో అందరూ ఎరిగినదే. ఆ కథలో చాలామంది దృష్టికి రాని అంశం మరొకటి ఉంది. కబురు ఎవరికి వెళ్లింది? పై అధికారికి కాదు, మరమ్మతు విభాగానికీ కాదు. కాగితం కోసం ఎదురుచూస్తున్న మనుషులకు వెళ్లింది. ఆఫీసు ప్రింటర్ల బాగోగులు కనిపెట్టి ఉండే ఏర్పాటు చేసేవారు మొట్టమొదట తేల్చుకోవలసిన విషయం ఇది. చాలాచోట్ల ఇది చిట్టచివర గుర్తుకు వస్తుంది.

మన కార్యాలయాలలో ఒకప్పుడు ఈ బెడద లేదు. సైక్లోస్టైల్ యంత్రం ఉన్న గదిలోనే దాన్ని తిప్పే మనిషీ ఉండేవాడు. సిరా తగ్గితే అచ్చు వెలిసేది, స్టెన్సిల్ చిరిగితే మరక పడేది. చప్పుడు మారగానే అతను చెయ్యి ఆపేవాడు. నెట్‌వర్కు వచ్చిన తరువాత యంత్రం ఒక అంతస్తులో, దానికి ఆజ్ఞ ఇచ్చే మనిషి మరొక అంతస్తులో అయ్యారు. ఇది ఉద్యోగుల విసుగుతో పోయే సంగతి అయితే అంతగా పట్టించుకోనక్కరలేదు. ధ్రువపత్రాలు ఇచ్చే కేంద్రానికి రెండు బస్సులు మారి వచ్చిన మనిషితో "మెషిను పనిచెయ్యడం లేదండీ, రేపు రండి" అంటే, ఆ మాట ఖరీదు ఒక రోజు కూలి. టోనరు అయిపోవచ్చినదని ఆ యంత్రానికి చాలా రోజుల ముందే తెలుసు. దాన్ని అడిగినవారు లేరు, అంతే.

అడగడానికి ఒక భాష 1988 నుంచీ ఉన్నది. దాన్ని ఎస్.ఎన్.ఎం.పి. అంటారు. నెట్‌వర్కులో ఉన్న ఏ పరికరాన్నయినా దూరం నుంచి కుశలప్రశ్న వేయడానికి ఏర్పడిన నియమావళి ఇది. ప్రశ్న 161వ పోర్టు గుండా వెళుతుంది. పరికరం తనంతట తానే మొరపెట్టుకోవాలంటే ఆ కబురు 162వ పోర్టుకు వస్తుంది. ప్రశ్నలు మాటలలో ఉండవు, అంకెలలో ఉంటాయి. ఆ అంకెలకు అర్థాలు చెప్పే నిఘంటువులు ఉన్నాయి. ప్రింటర్లకు ప్రత్యేకంగా 1995 మార్చిలో ఒక నిఘంటువు వెలువడింది. 2004లో దాన్ని సంస్కరించారు. అరలో కాగితం ఎంత, మూత తెరచి ఉన్నదా, టోనరు ఎంత మిగిలింది, పుట్టిననాటి నుంచి ఎన్ని పుటలు అచ్చువేసింది, ముందున్న చిన్న తెరమీద ఈ క్షణాన ఏమి రాసి ఉన్నది, ఇవన్నీ 1.3.6.1.2.1.43 అనే కొమ్మకు పూచిన రెమ్మలు. ఏ పరికరమైనా ఈ 43వ కొమ్మను తాకితే పలికిందంటే అది ప్రింటరని సాధారణంగా అనుకోవచ్చు.

కొత్త ప్రింటరును ఎవరూ చెప్పకుండానే కనిపెట్టే పద్ధతి దీనిమీదే ఆధారపడి ఉంది. జాబిక్స్ వంటి పర్యవేక్షక సాఫ్ట్‌వేరుకు ఒక చిరునామాల వరుస ఇస్తారు: 192.168.10.1 మొదలు 254 దాకా అనుకుందాం. అది ఇంటింటికీ వెళ్లి తలుపు తట్టే జనగణన ఉద్యోగి వలె ప్రతి చిరునామాను పలకరించి, 43వ కొమ్మ పలికిన చోటల్లా పేరు రాసుకుని, ప్రింటర్లకు వేయవలసిన ప్రశ్నల పట్టికను దానికి తగిలిస్తుంది. ఇంకొక పద్ధతిలో ప్రింటరే "నేనిక్కడ ఉన్నాను" అని చాటుకుంటుంది. ఆపిల్ కంపెనీ 2002లో ప్రచారంలోకి తెచ్చిన ఈ పద్ధతి వల్లనే నేడు చేతిఫోను నుంచి ఏ అమరికా లేకుండా అచ్చు తీయగలుగుతున్నాము. కాని ఆ చాటింపు రౌటరు దాటి పోదు. ఈ ఊరి దండోరా పక్క ఊరికి వినబడనట్లే. అంతస్తుకొక విడి నెట్‌వర్కు ఉన్న కార్యాలయంలో తలుపు తట్టడమే గతి.

ఈ తట్టడాన్ని నెట్‌వర్కు మీద భారం పడకుండా రాత్రివేళ పెట్టేవారున్నారు. ప్రింటర్లను సాయంత్రం ఆపివేసి ఇళ్లకు వెళ్లే ఆఫీసులో రాత్రి గణన చేస్తే ఒక్కటీ దొరకదు. ఉదయం పదకొండు గంటలు మంచి ముహూర్తం. అంతకు ముందే ప్రతి ప్రింటరుకూ స్థిరమైన చిరునామా కేటాయించాలి. లేకపోతే కరెంటు పోయి వచ్చినప్పుడు అది మరొక చిరునామాతో లేవవచ్చు. పాత ఇంటి తలుపు తట్టి జవాబు రాక, సాఫ్ట్‌వేరు బతికున్న యంత్రానికి మరణవార్త రాస్తుంది. విద్యుత్తు ఆదాచేయడానికి నిద్రలోకి జారుకునే యంత్రాలూ ఉన్నాయి. వాటి విషయంలో ఒక్క పిలుపుకు పలకలేదని గాభరా పడకూడదు. అయిదేసి నిమిషాల ఎడంతో మూడుసార్లు పిలిచినా పలకకపోతేనే కబురు పంపమనడం న్యాయం.

అనువాదాలు చేసేవారికి ఈ ఏర్పాటులో ఒకచోట నవ్వు రాక తప్పదు. ప్రశ్నతోపాటు ఒక సంకేతపదం చెప్పాలి. దాన్ని 'కమ్యూనిటీ' అంటారు, అనగా సమాజమని. కర్మాగారం నుంచి వచ్చేటప్పుడు తరచుగా ఆ సంకేతపదం 'పబ్లిక్' అని ఉంటుంది. రహస్యానికి బహిరంగమని పేరు పెట్టిన భాష మరొకటి ఉంటుందా? దాన్ని మార్చమని జాగ్రత్తపరులు చెబుతారు, నిజమే. మార్చినవారు విండోస్ కంప్యూటర్లలో మార్చడం మరచిపోతారు. అక్కడ ప్రింటరు పోర్టు అమరికలలో ఎస్.ఎన్.ఎం.పి. స్థితి చూడమనే గడి ఒకటుంటుంది. ఆ గడిలో టిక్కు ఉన్నంతకాలం కంప్యూటరు పాత పదంతోనే పలకరిస్తుంది, యంత్రం మౌనం వహిస్తుంది, తెరమీద 'ఆఫ్‌లైన్' అని పడుతుంది. యంత్రం నిక్షేపంగా ఉంటుంది. పదం తప్పినందుకు మనిషి "రేపు రండి" అనిపించుకుంటాడు.

జవాబుల విషయానికి వస్తే, ప్రింటర్లు మనుషుల కంటె నిజాయితీ గలవనిపించే సందర్భం ఒకటుంది. టోనరు ఎంత ఉన్నదని అడిగితే మామూలుగా ఒక అంకె వస్తుంది. దాన్ని పూర్తి సామర్థ్యంతో భాగించి శాతం కట్టుకోవాలి. కొన్ని యంత్రాలకు అంత సూక్ష్మంగా కొలిచే సాధనం ఉండదు. వాటి కోసం నిఘంటువు మూడు రుణసంఖ్యలను కేటాయించింది. –2 అంటే తెలియదని. –3 అంటే ఏదో కొంత ఉన్నది, ఎంతో చెప్పలేనని. "కొంత ఉంది, ఎంతో చెప్పలేను" అనే జవాబుకు ప్రమాణగ్రంథంలో చోటు కల్పించినవారిని మెచ్చుకోవాలి. ఆ సంగతి ఎరుగని సాఫ్ట్‌వేరు –3ను కూడా భాగించి, సున్నా కంటె తక్కువ టోనరున్నదని గగ్గోలు పెడుతుంది. పాడైన టోనరు పోగయ్యే డబ్బాది ఇంకొక తిరకాసు. దానికి వచ్చే అంకె నిండినది ఎంతో కాదు, ఇంకా ఎంత ఖాళీ ఉన్నదో చెబుతుంది. తిరగేసి చదివితే ఖాళీ డబ్బాను పారవేసి నిండిన డబ్బాను ఉంచుకున్నట్లవుతుంది.

చెప్పడానికి తగిన మాట లేకపోతే ఏమవుతుందో లినక్స్‌లో చూడవచ్చు. పాత తరహా ప్రింటరు ఏదో చిక్కు ఉన్నదని మాత్రం సైగ చేసి, అది ఏమిటో చెప్పలేకపోతే, 'ప్రింటరు తగలబడుతున్నది' అనే అర్థం వచ్చే వాక్యం అందులో రాసిపెట్టారు. యునిక్స్ రోజుల నుంచి వస్తున్న చమత్కారమది.

ప్రింటరు తలుపు మనకు తెరుచుకుంటే ఇతరులకూ తెరుచుకోవచ్చు. 2018 నవంబరు చివర, ఇంటర్నెట్టుకు 9100 పోర్టు తెరచి ఉంచిన ప్రింటర్లను వెదికి పట్టి, ఒక యూట్యూబ్ ఛానెల్‌ను మెచ్చుకునే కాగితాన్ని వాటి చేత ఎవరో అచ్చువేయించారు. ఆ పని చేసిన వ్యక్తి చెప్పుకున్న లెక్క సుమారు 50,000 యంత్రాలు. కాగితం, సిరా వృథా కావడమే జరిగింది కనుక లోకం నవ్వి ఊరుకుంది. బయటి నుంచి ఆ పోర్టు మూయడం, మాటలను గుప్తలిపిలో పంపగల ఎస్.ఎన్.ఎం.పి. మూడవ రూపాన్ని వాడడం పెద్ద ఖర్చుతో కూడినవి కావు.

అంతకంటె మెలకువతో ఉండవలసిన చోటు ఆఫీసు లోపలే ఉంది. 'మానిటరింగ్' అన్న ఇంగ్లీషు మాటకు తెలుగులో పర్యవేక్షణ అనవచ్చు, నిఘా అనవచ్చు. బడిలో క్లాసు మానిటరు సుద్దముక్కలు ఉన్నాయో లేవో చూసేవాడు; మాట్లాడిన వారి పేర్లు బోర్డు మీద రాసేవాడూ అతడే. ప్రింటరును ఎన్ని పుటలు అచ్చువేశావని అడగడం సుద్దముక్కల లెక్క. విండోస్‌లో మరొక చిట్టా ఉంది. దాన్ని కావాలని తెరిస్తే తప్ప అది రాయదు. తెరిస్తే ప్రతి అచ్చుపనికీ 307 అనే సంఖ్యతో ఒక పద్దు పడుతుంది: ఎవరు, ఏ కంప్యూటరు నుంచి, ఎన్ని పుటలు. పత్రం పేరును కూడా రాయమని అమరికలలో విడిగా పెడితే అదీ అందులో చేరుతుంది. అప్పుడు ఉద్యోగి రాసుకున్న రాజీనామా పత్రం, వైద్య పరీక్ష నివేదిక, మరొక సంస్థకు పెట్టుకునే దరఖాస్తు, వాటి పేర్లతో సహా నమోదవుతాయి. 2017లో అమెరికా జాతీయ భద్రతా సంస్థ పత్రం ఒకటి వార్తాసంస్థకు చేరినప్పుడు, దాన్ని అచ్చు తీసినవారు ఆరుగురని లోపలి తనిఖీలో తేలింది. ఆ ఆరుగురి నుంచి అధికారులు ఒకరి దగ్గరకు వచ్చారు. రక్షణశాఖకు అటువంటి పద్దు అవసరం కావచ్చు. టోనరు ఎప్పుడు తెప్పించాలో తెలుసుకోవడానికి మాత్రం అది ఎందుకూ పనికిరాదు. ఆ రెండు పనులనూ ఒకే ఆజ్ఞాపత్రంలో 'మానిటరింగ్' అని కలిపి రాసే కార్యాలయాలలో ఉద్యోగులు పుటల లెక్కను కూడా అనుమానంతోనే చూస్తారు. అందులో వారి తప్పు లేదు.

కబురు అందవలసిన మనిషిని నిర్ణయించడం పైకి చిన్న పని. టోనరు పది శాతానికి దిగితే ఇరవై మందికి మెయిలు వెళ్లేలా పెడతారు. ఇరవై మందీ మిగిలిన పందొమ్మిది మంది చూసుకుంటారనుకుంటారు. బీరువా తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో వారికి వెళ్లే ఒక్క కబురు వీటన్నిటి కంటె మేలు. కాగితం ఇరుక్కున్నదన్న కబురైతే ఆ అంతస్తులో కూర్చున్నవారికి పోవాలి. వారం రోజులు చూసి, ఎవరూ పట్టించుకోని కబుర్లను నిర్దాక్షిణ్యంగా తీసివేయాలి.

చివరకు ఒక గడి మిగులుతుంది. తన గురించి ఇన్ని చెప్పగల యంత్రానికి తాను ఎక్కడ ఉన్నదో తెలియదు. 'స్థలం' అనే ఆ గడిని మనిషే నింపాలి. ఆ గడి రోమను లిపిని తప్ప ఒప్పుకోదు కనుక "రెండో అంతస్తు, జీతాల సెక్షను, కిటికీ పక్క" అన్న తెలుగును ఇంగ్లీషు అక్షరాలలో రాయవలసి వస్తుంది. ఎక్కువ ఆఫీసుల్లో ఆ గడి ఖాళీగానే ఉంటుంది. నింపిన చోట, బల్లలు జరిపినప్పుడు ప్రింటరు జరుగుతుంది గాని గడి జరగదు. కబురందుకున్న కుర్రవాడు కొత్త కార్ట్రిడ్జి చంకన పెట్టుకుని రెండో అంతస్తుకు వెళితే, కిటికీ పక్కన దుమ్ములో నలుచదరపు ముద్ర ఒకటి, గోడకు వేలాడే నెట్‌వర్కు తీగ ఒకటి కనిపిస్తాయి.