నదీతీరాన ఒక పాత పట్టణం: బెర్జెరాక్

గత అక్టోబరు మాసంలో, దేవుని కృపవలన, ఫ్రాన్సు దేశంలోని బోర్డో నగరంలో చదువుకుంటున్న మా అబ్బాయి దగ్గర కొన్ని దినాలు గడిపే అవకాశం మాకు కలిగింది. పారిస్ గురించి చాలామంది వ్రాశారు. మేము వ్రాయదలచింది బోర్డోకు తూర్పున సుమారు 90 కిలోమీటర్ల దూరంలో, దొర్దోన్ నది ఒడ్డున ఉన్న బెర్జెరాక్ అనే చిన్న పట్టణం గురించి.

ఆ ఊరికి వెళ్దామని మేము అన్నప్పుడు మా అబ్బాయి నవ్వాడు. "నాన్నగారూ, ఆ ఊరు భోజనానికీ, ద్రాక్షారసానికీ పేరుపడింది. మీరిద్దరూ వెళ్ళి ఏం చేస్తారు?" అన్నాడు. "చూచి వస్తాములే" అన్నాము. మేము వెళ్ళదలచింది వేరే కారణంచేత. ఒకప్పుడు ఫ్రాన్సులో ప్రొటెస్టెంటు విశ్వాసులకు బలమైన పట్టణాలలో అది ఒకటని చదివాము.

శనివారం ఉదయం ప్రార్థన చేసుకొని రైలు ఎక్కాము. దారి పొడవునా ద్రాక్షతోటలే. ఆకులు పసుపు, ఎరుపు రంగులకు తిరిగి ఉన్నాయి. నది మీద మంచు దట్టంగా ఉంది. ఈ మంచు సంగతి తరువాత చెబుతాము.

సంతలో

బెర్జెరాక్‌లో బుధవారం, శనివారం ఉదయాలు నోత్రదామ్ ఆలయం చుట్టూ సంత జరుగుతుంది. అక్రోటు కాయలు, వాటినుండి తీసిన నూనె, చెస్ట్‌నట్ కాయలు, అడవి పుట్టగొడుగులు, మేకపాల జున్ను, బాతు మాంసం బల్లలమీద పేర్చి ఉన్నాయి. బాతు మాంసాన్ని దాని కొవ్వులోనే సన్నని సెగమీద ఉడికించి, ఆ కొవ్వులోనే నిలువ ఉంచుతారు. మన ఆవకాయకు నూనె ఎలాగో, వారి బాతు మాంసానికి ఆ కొవ్వు అలాగ. మధ్యాహ్నం ఒక చిన్న హోటలులో వెల్లుల్లి, గ్రుడ్డు, కాస్త పులుపు వేసి కాచిన చారు ఇచ్చారు. ఇంటి ముఖం చూచి చాలా రోజులైన మాకు ప్రాణం లేచి వచ్చింది.

పాత ఊరి వీధులు సన్నగా, నది వైపు వాలుగా ఉన్నాయి. కొయ్య దూలాల మధ్య ఇటుకలు నింపి కట్టిన ఇండ్లు నేటికీ నిలిచి ఉన్నాయి. కూడలిలో పొడుగు ముక్కుతో సిరానో విగ్రహం ఉంది. 1897లో ఎడ్మండ్ రోస్తాన్ వ్రాసిన నాటకం వలన ఆ పేరు లోకమంతా తెలిసింది. అయితే అసలు సిరానో పారిస్‌లో పుట్టినవాడు, ఈ ఊరివాడు కాడు. అయినా ఊరివారు అతనిని తమవాడిగానే చేసుకున్నారు!

రేవు దగ్గర గబార్ అనే అడుగు చదునుగా ఉండే కొయ్య పడవలున్నాయి. పూర్వం ఇవి కలప, ద్రాక్షారసపు పీపాలు వేసుకొని బోర్డో వైపు దిగి వెళ్ళేవి. అక్కడనుండి ఓడలలో ఇంగ్లండుకు, హాలెండుకు సరుకు పోయేది. రైలు వచ్చిన తరువాత పడవల పని పోయింది. ఇప్పుడు అవి యాత్రికులను త్రిప్పుతున్నాయి.

పదహారేండ్ల బాలుడు

1598లో నాల్గవ హెన్రీ రాజు నాంత్ శాసనం ద్వారా ప్రొటెస్టెంటులకు ఆరాధన హక్కు ఇచ్చాడు. 1685లో పదునాల్గవ లూయీ దానిని రద్దు చేశాడు. మందిరాలు కూల్చారు. సైనికులను విశ్వాసుల ఇండ్లలో దింపి, విశ్వాసం వదలేవరకు వారిని పోషించమన్నారు. వేలాదిమంది దేశం విడిచి పారిపోయారు. న్యాయంగా ఇంకొక మాట కూడా చెప్పాలి. అంతకు ముందటి మతయుద్ధాలలో ప్రొటెస్టెంటులు బలంగా ఉన్నచోట్ల కతోలికుల ఆలయాలు కూడా ధ్వంసమయ్యాయి. ఎవరి చేతులూ పూర్తిగా శుభ్రంగా లేవు.

ఈ ఊరిలో 1684లో పుట్టిన జాన్ మార్తెయ్ కథను మా అబ్బాయి ఇంగ్లీషు అనువాదంలో చదివాడు. నది ఒడ్డున కూర్చుని మాకు చెప్పాడు. 1700లో సైనికులు ఊరిమీద పడినప్పుడు ఆ బాలునికి పదహారేండ్లు. ఒక స్నేహితునితో కలిసి హాలెండు చేరాలని కాలినడకన బయలుదేరాడు. సరిహద్దు దగ్గర పట్టుబడ్డాడు. గాలీ ఓడలలో తెడ్లు వేసే శిక్ష విధించారు. బల్లకు గొలుసుతో కట్టివేసి, కొరడా దెబ్బల మధ్య తెడ్డు లాగించేవారు. తన మతం విడిచిపెడతానంటే విడుదల దొరికేది. ఆ మాట అతడు అనలేదు. చివరికి 1713లో విడుదల పొంది హాలెండులో స్థిరపడ్డాడు. అతని జ్ఞాపకాలు 1757లో రోటర్‌డామ్‌లో అచ్చయ్యాయి. మరుసటి సంవత్సరమే ఆలివర్ గోల్డ్‌స్మిత్ వాటిని ఇంగ్లీషులోకి మార్చాడు.

కథ ముగించి మా అబ్బాయి కొంతసేపు మౌనంగా ఉన్నాడు.

బూజు పట్టిన ద్రాక్ష

సాయంత్రం రెకొలే సన్యాసుల పాత మఠం చూడబోయాము. ప్రొటెస్టెంటులను తిరిగి కతోలిక సంఘంలోనికి త్రిప్పడానికి 17వ శతాబ్దంలో వచ్చిన సన్యాసుల నివాసం అది. ఇప్పుడు అక్కడ ఆ ప్రాంతపు ద్రాక్షారసాలను పరిచయం చేస్తున్నారు. అక్కడి ఒక అమ్మగారు మాకు ఓపికగా వివరించారు.

నదికి దక్షిణాన ఉన్న మోన్‌బజియాక్ కొండమీద తీపి ద్రాక్షారసం చేస్తారు. ఆకురాలు కాలంలో ఉదయం మంచు, మధ్యాహ్నం ఎండ. ఆ తేమకు పండ్లమీద ఒక బూజు పడుతుంది. అది తొక్కను పలుచన చేస్తుంది. లోపలి నీరు ఆవిరై, తీపి చిక్కబడుతుంది. చూడటానికి ముడుతలుపడి, పారవేయవలసిన పండువలె ఉంటుంది. పండ్లన్నీ ఒకేసారి ఆ స్థితికి రావు గనుక, కోతవారు ఒకే తోటలోనికి మళ్ళీ మళ్ళీ వెళ్ళి చేతితో ఏరి కోస్తారు. హాలెండుకు పారిపోయిన విశ్వాసులు అక్కడ కూడా తమ ఊరి ద్రాక్షారసాన్నే తెప్పించుకునేవారట. ఊరు విడిచినా ఊరి రుచి విడువలేదు.

ఆమె మా ముందు గ్లాసులు పెట్టింది. మేము మర్యాదగా వద్దన్నాము. ఆమె ఏమీ అనుకోక ద్రాక్షపండ్ల రసం తెచ్చి ఇచ్చింది. కానా విందును మేము ఎరుగుదుము. అక్కడి సంఘాలలో ప్రభువు బల్లకు ద్రాక్షారసమే వాడతారనీ ఎరుగుదుము. వారిని తీర్పు తీర్చము. కాని సారా వలన కూలిపోయిన కాపురాలను మన పల్లెలలో కండ్లారా చూచాము. 1992లో నెల్లూరు జిల్లా అక్కచెల్లెండ్రు ఊరికే రోడ్డెక్కలేదు. ఫ్రాన్సులో కూడా 2015 సంవత్సరంలో మద్యం వలన సుమారు 41,000 మంది చనిపోయారని ఆ దేశపు ప్రజారోగ్య సంస్థయే లెక్కకట్టింది. తోటలు ఎంత అందంగా ఉన్నా ఆ లెక్క కూడా ఉంది.

మా అబ్బాయి కూడా గ్లాసు ప్రక్కకు జరిపాడు. నిజం చెప్పాలంటే, ఇండియాలో బయలుదేరిన దినంనుండి వాడిని ఒక ప్రశ్న అడగాలని మాకు ఉంది. అడగటానికి ధైర్యం చాలలేదు. బయటికి వచ్చాక వాడే చెప్పాడు. "అమ్మా, మొదటి సంవత్సరం స్నేహితులతో కొన్నిసార్లు తాగాను. మీకు ఫోనులో అబద్ధం చెప్పాను. తరువాత మానుకున్నాను. మీకు భయపడి కాదు. నాకే వద్దనిపించింది."

మేమిద్దరం వెంటనే ఏమీ అనలేకపోయాము. వాళ్ళమ్మ వాడి చేయి పట్టుకుంది. ముగ్గురం నది ప్రక్కన చాలాసేపు నడిచాము. వాడు త్రాగినందుకు బాధ కలిగింది. వాడంతట వాడే చెప్పినందుకు అంతకంటె ఎక్కువ ఊరట కలిగింది. ఇక్కడ ఉన్నంతకాలం మా ఇంటి కట్టడి వాడిని కాచింది. అక్కడ వాడికి వాడి విశ్వాసమే కావాలి. గాలీ ఓడలో ఆ బాలుని ప్రక్కన తల్లిదండ్రులు లేరు గదా!

ప్రియ చదువరులారా, మీ పిల్లలు కూడా హైదరాబాదులోనో, అమెరికాలోనో మీకు దూరంగా ఉండవచ్చు. ఫోను చేసినప్పుడు తిండి సంగతి అడిగినట్టే మనసు సంగతి కూడా అడగండి. నిజం చెబితే తిట్టరన్న నమ్మకం వారికి ఇవ్వండి. మిగిలినది ద్రాక్షావల్లికి తీగెలను అంటుకట్టిన ప్రభువు చేతికి అప్పగించండి.

మా సంచిలో ఆ ఊరినుండి ఒక కిలో అక్రోటు కాయలు వచ్చాయి. ఆదివారం ఆరాధన తరువాత సంఘంలో అందరికీ పంచాము.