నీడ మొక్కకు ఎంత వెలుగు కావాలి?

మొన్నొక ఆదివారం ఆరాధన అయ్యాక ఒక సహోదరి మందిరం మెట్ల దగ్గర నన్ను ఆపారు. "పాస్టరుగారూ, మీ ఇంట్లో ఉన్న చెప్పు పువ్వు మొక్కే మా అబ్బాయి కూడా హైదరాబాదులో కొన్నాడండి. రెండేళ్లయింది. ఆకులు ముదురు పచ్చగా నిగనిగలాడుతున్నాయి గాని ఒక్క పువ్వూ లేదు" అన్నారు. ఎక్కడ పెట్టాడమ్మా అంటే, టీవీ పక్కన అన్నారు. అమ్మినవాళ్లు "ఇది నీడ మొక్క" అని చెప్పారట.

ఆ ఒక్క మాట వల్లే చాలా ఇళ్లలో ఈ మొక్క పూయకుండా ఉండిపోతోంది. నీడ వేరు, చీకటి వేరు. మన అరకు వాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు. కాఫీ తోటలో సిల్వర్ ఓక్ చెట్ల కింద నిలబడి చూడండి. ఎండ నెత్తిన పడదు, కానీ నేలంతా వెలుగు చుక్కలు కదులుతూనే ఉంటాయి. స్లిప్పర్ ఆర్కిడ్లలో ఎక్కువ రకాలు అలాంటి అడవి నేల మీదే, రాలిన ఆకుల్లో, రాళ్ల సందుల్లో పెరుగుతాయి. పువ్వు కింది రేకు ముందు భాగం మూసిన చెప్పులా సంచిగా ఉంటుంది కాబట్టి ఆ పేరు.

లెక్కలో చెప్పాలంటే, మిట్టమధ్యాహ్నపు ఎండ సుమారు లక్ష లక్సులు. ఈ మొక్కకు పది నుంచి పదిహేను వేల లక్సులు చాలు. ఆకుల మీద మచ్చలున్న రకాలకు ఇంకొంచెం తక్కువైనా ఫరవాలేదు, మచ్చల్లేని పొడుగాకుల రకాలకు ఇంకొంచెం ఎక్కువ కావాలి. అయితే గది మధ్యలో, మన కంటికి బాగా వెలుగుగా అనిపించే చోట కూడా, చాలాసార్లు ఐదు వందల లక్సులు ఉండవు. మన కన్ను సర్దుకుపోతుంది. ఆకు అలా సర్దుకుపోలేదు. వెలుగు చాలకపోతే ఆకు బాగా ముదురు పచ్చగా మారి, పొడుగ్గా సాగి వాలిపోతుంది. చూసేవాళ్లు దాన్నే ఆరోగ్యం అనుకుంటారు! ఎక్కువైతే పసుపు తిరుగుతుంది, ఇంకా ఎక్కువైతే మాడుతుంది.

యంత్రం అక్కర్లేదు. పొద్దెక్కాక మొక్కకు ఒక అడుగు ఎత్తున చెయ్యి పెట్టి చూడండి. నీడ మెత్తగా, అంచులు చెదిరినట్లు పడితే సరిపోయింది. వేళ్లు లెక్కపెట్టేంత స్పష్టంగా పడితే ఎండ ఎక్కువ. అసలు నీడే పడకపోతే అది మొక్కను పెట్టే చోటు కాదు.

కిటికీ సంగతి. చలి దేశాల పుస్తకాలు చూసి కొందరు దక్షిణపు కిటికీ వెతుకుతారు. మన వైపు తూర్పు కిటికీయే మేలు, పొద్దుటి ఎండ ఒకటి రెండు గంటలు తగిలి తప్పుకుంటుంది. మనకు జూన్‌లో సూర్యుడు కొంచెం ఉత్తరానికి జరిగి నడుస్తాడు, దక్షిణపు కిటికీలోకి ఎండే రాదు. డిసెంబరులో అదే కిటికీలోంచి గది లోపలికంతా వస్తుంది, అప్పుడు పల్చని తెర కావాలి. పడమటి ఎండకు మాత్రం ఈ మొక్కను అప్పగించకండి. ఫ్లాటుల్లో ఏ కిటికీ కుదరని పిల్లలు ఎల్‌ఈడీ ట్యూబు కింద, అడుగు లోపు దూరంలో, రోజుకు పన్నెండు గంటలు పెట్టి పూయించుకుంటున్నారు. అదీ తప్పేమీ కాదు. ఆ సహోదరికి నేను చెప్పింది ఒక్కటే: టీవీ పక్క నుంచి ఒకేసారి కిటికీలోకి మార్చవద్దు, రెండు మూడు వారాల్లో కొద్దికొద్దిగా జరపమనండి.

ఒక తమ్ముడు, అడవిలో దొరికితే తెచ్చుకోవచ్చా అని అడిగాడు. వద్దు నాయనా. కేరళలోని అగస్త్యమలలో మాత్రమే పెరిగే డ్రూరీ స్లిప్పర్ ఆర్కిడ్‌ను 1865లో కర్నల్ డ్రూరీ కనుగొన్నారు. తర్వాత సేకరించేవాళ్లు తవ్వి తవ్వి దాన్ని దాదాపు లేకుండా చేశారు. అడవి స్లిప్పర్ ఆర్కిడ్లకు మన చట్టం రక్షణ ఉంది. నర్సరీలో పెంచినదే కొనండి.

మా ఇంట్లోది మాడియే అనే సంకర రకం, తెలుపు మీద ఆకుపచ్చ గీతల పువ్వు. దాన్ని చూసుకునేది మా అత్తగారు. ఆవిడకు నీటికాసుల జబ్బు. పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నది నిలబెట్టుకోవడానికే చుక్కల మందు అని డాక్టరుగారు చెప్పేశారు. పక్కల చూపు పోయింది, ఎదురుగా కొంచెం మిగిలింది. చేతి నీడ ఆవిడకు ఆనదు. అందుకని రోజూ తొమ్మిదింటికి ఆకును రెండు వేళ్ల మధ్య పట్టుకుని చూస్తారు. ఎండ తగిలినా ఆకు చల్లగానే ఉండాలి. "వేడెక్కింది బాబూ, కాస్త జరుపు" అంటే జరుపుతాను. కళ్లున్న నాకంటే ఆవిడ లెక్కే సరిగ్గా ఉంటోంది.

ఈ మొక్కలో ఒక ఆకుల గుత్తి ఒక్కసారే పూస్తుంది. మళ్లీ పూయాలంటే పక్కన కొత్త పిలక వచ్చి ఎదగాలి, అందుకు ఏడాది పైనే పడుతుంది. కిందటిసారి పువ్వును ఆవిడ బాగానే చూశారు. ఇప్పటి పిలక మొదలైన నాటికి ఉన్న చూపు ఇప్పుడు లేదు. "ఇది కూడా చూస్తానంటావా?" అని ఒక రాత్రి ప్రార్థన అయ్యాక మా ఆవిడను అడిగారట. మా ఆవిడ ఏం చెప్పిందో నాకు చెప్పలేదు.

పోయిన వారం పిలక మధ్యలో మొగ్గ తగిలిందని ఆవిడే మమ్మల్ని పిలిచారు. ఇప్పుడు కాడ వేలెడు పొడవుంది. మొగ్గ వెలుగు వైపు తల పెట్టింది కాబట్టి, పువ్వు విచ్చేదాకా కుండీని అటూ ఇటూ తిప్పకూడదు, తిప్పితే కాడ మెలి తిరుగుతుంది. కిటికీ దగ్గర ఆడవద్దని పిల్లలకు గట్టిగా చెప్పాం.