పాటకూ పాటకూ నడుమ

సంగీత సభకు వెళ్ళివచ్చిన వారిని "ఎలా పాడారు?" అని అందరూ అడుగుతారు. "పాటల నడుమ ఏం మాట్లాడారు?" అని అడిగేవారు అరుదు. కచేరీలో పాటే ప్రధానమనీ, నడుమ మాటలు కేవలం కాలక్షేపమనీ సాధారణాభిప్రాయం. గడచిన కొన్నేళ్ళలో రెండు పెద్ద రాక్ కచేరీలు ప్రత్యక్షంగా చూసే అవకాశం నాకు కలిగింది. ఒకటి 2019లో నవీ ముంబయిలో, రెండవది 2025లో అహ్మదాబాదులో. ఆ రెండింటిలోనూ పాటలకంటె పాటల నడుమ వినవచ్చిన మాటలే నా మనసులో ఎక్కువగా నిలిచాయి. ఎందుకు నిలిచాయో ఆలోచించగా తోచిన నాలుగు విషయాలను మన పత్రిక పాఠకులతో పంచుకోవాలని ఈ ప్రయత్నం.

సూరత్‌లోని అడాజన్‌లో కాపురముంటూ, రోజూ హజీరా బస్సెక్కి ప్లాంటుకు వెళ్ళివచ్చే తెలుగు ఇంజనీరుకు రాక్ సంగీతంతో ఏం పని అని మిత్రులు నవ్వవచ్చు. దీనికి మూలం కాకినాడలో ఉన్నది. 1987లో నేను ఇంజనీరింగు కళాశాలలో చేరేనాటికి హాస్టలులో మా ఎదుటి గదిలో ఒక టేపురికార్డరు ఉండేది. ఆ సంవత్సరం మార్చి నెలలోనే ఐర్లండు దేశపు యూ2 బృందం 'ది జాషువా ట్రీ' అనే ఆల్బమును విడుదల చేసింది. దాని కాసెట్టు ఎన్ని చేతులు మారి ఆ గదికి చేరిందో గాని, వరండా పొడుగునా అదే మోగుతూ ఉండేది. సాహిత్యం సగం అర్థమయ్యేది కాదు. అయితే గిటారు మీద మీటిన ఒక్క స్వరం రెండుగా, నాలుగుగా, ఎనిమిదిగా తిరిగివచ్చే తీరు మమ్మల్ని కట్టిపడేసేది. అది వాయించేవాడి వేళ్ళ మహిమ మాత్రమే కాదనీ, ధ్వనిని కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యం చేసి మళ్ళీ వినిపించే పరికరం మహిమ కూడా ఉన్నదనీ మా సీనియరు ఒకరు కాగితంపై బొమ్మ వేసి వివరించారు. ఇన్‌స్ట్రుమెంటేషన్ పట్ల నాకు ఆసక్తి కలిగించిన తొలి పాఠం అదే.

ముప్పై రెండేళ్ళ తరువాత, 2019 డిసెంబరు 15, ఆదివారం నాడు, నవీ ముంబయిలోని నేరుల్ డి.వై. పాటిల్ స్టేడియంలో ఆ నలుగురినీ కళ్ళారా చూశాను. భారతదేశంలో వారి మొట్టమొదటి కచేరీ అది. ఆ ఆల్బము పేరిట వారు జరుపుతున్న ప్రపంచ పర్యటనకు చివరి కచేరీ కూడా అదే. డబ్లిన్ నగరంలో లారీ మల్లెన్ అనే కుర్రవాడు బడి నోటీసు బోర్డు మీద "బృందానికి వాద్యగాళ్ళు కావాలి" అని ప్రకటన అంటించగా, 1976లో మొదలైన స్నేహం వారిది. గాయకుడు బోనో 1960 మే నెలలో జన్మించాడు. అంటే ఆ రాత్రికి ఆయన వయసు యాభై తొమ్మిది. మన సంస్థలోనే ఉండి ఉంటే పదవీ విరమణకు ఇంకా ఐదున్నర నెలలు మిగిలి ఉండేవి, పి.ఎఫ్. కాగితాలు సర్దుకుంటూ, వీడ్కోలు సభలో ఏం మాట్లాడాలా అని ఆలోచించుకుంటూ ఉండేవాడు!

వేదిక వెనుక సుమారు 200 అడుగుల వెడల్పు, 45 అడుగుల ఎత్తు గల తెర. దాని మీద ఎడారులు, రహదారులు, కొండలు. అయినా కచేరీ ఆరంభం ఆ తెర ముందు జరుగలేదు. డ్రమ్ముల వాద్యగాడు ఒక్కడే నడిచివచ్చి, జనం మధ్యకు చొచ్చుకువచ్చిన చిన్న వేదికపై కూర్చుని దరువు మొదలుపెట్టాడు. తక్కిన ముగ్గురూ వచ్చి ఆయనను కలిశారు. బ్రిటనులో 1984 నాటి గని కార్మికుల సమ్మె నేపథ్యంలో వారు రాసుకున్న 'రెడ్ హిల్ మైనింగ్ టౌన్' పాట వచ్చినప్పుడు తెర మీద బ్రాస్ బ్యాండు వారు కనిపించారు. గనికీ కర్మాగారానికీ జీవితాలు ముడివేసుకున్న కుటుంబాల గురించిన పాట కనుక, నాకు మన టౌన్‌షిప్పులు గుర్తుకు వచ్చాయి.

బోనో పాటల నడుమ మాట్లాడాడు. గాంధీజీని స్మరించాడు, అహింస ఈ నేల నుండి ప్రపంచానికి అందినదని కృతజ్ఞత చెప్పాడు. చివరి భాగంలో ఎ.ఆర్. రెహమాన్ తన కుమార్తెలతో కలిసి వేదికనెక్కి 'అహింస' అనే పాటలో పాల్గొన్నారు. కాసెట్టులోని పదకొండు పాటలు నాకు కంఠస్థమే. ఈ మాటలు మాత్రం ఏ కాసెట్టులోనూ లేవు. అవి ఆ ఊరికోసం, ఆ రాత్రికోసం, ఎదురుగా నిలబడిన మాకోసం పుట్టినవి.

ఇన్‌స్ట్రుమెంటేషన్ వాడిని కనుక ఈ మాటల వెనుక ఉన్న యంత్రాంగాన్ని కూడా గమనించాను. ఒక్కొక్క పాటకు ఒక్కొక్క గిటారు, ఒక్కొక్క శ్రుతి. పాట ముగియగానే సహాయకుడు చీకటిలో వచ్చి పాత గిటారు తీసుకుని కొత్తది భుజానికి తగిలిస్తాడు. డ్రమ్ముల వాడు చెమట తుడుచుకోవాలి. గాయకుడికి శ్వాస కుదుటపడాలి, గుక్కెడు మంచినీళ్ళు కావాలి. ఈ నలభై యాభై సెకన్లలో సభ చల్లబడకూడదు. మన ప్లాంటులో కంట్రోలు వాల్వును మరమ్మతుకు విప్పినప్పుడు ప్రవాహం ఆగకుండా బైపాస్ లైను తెరుస్తాము గదా! పాటల నడుమ మాట కూడా అటువంటి బైపాస్ లైనే.

ఇందులో మరొక సూక్ష్మం ఉన్నది. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు మాత్రమే ప్రయాణిస్తుంది. వేదికకు వంద మీటర్ల దూరంలో ఉన్నవారికి మాట చేరడానికి సెకనులో దాదాపు మూడవ వంతు పడుతుంది. అందుకే మైదానం మధ్యలో స్పీకరు స్తంభాలు నిలిపి, వాటికి వెళ్ళే ధ్వనిని లెక్క ప్రకారం ఆలస్యం చేస్తారు. కనుక హాస్యోక్తి ముందు వరుసలకు ముందు, వెనుక వరుసలకు తరువాత చేరుతుంది. నవ్వు కూడా అలలాగా వెనక్కు వెళ్ళి మళ్ళీ ముందుకు వస్తుంది. ఆ అల తిరిగి వచ్చేదాకా ఆగడం అనుభవం మీద గాని అలవడదు. పండిన కళాకారుడు ఒక్క మాట అని, నిశ్శబ్దంగా నిలబడి, అల తనవద్దకు వచ్చిన పిదప రెండవ మాట అంటాడు.

ఈ విద్య పాశ్చాత్యుల సొంతం అనుకోనక్కరలేదు. మన హరికథలో దాసుగారు కథ ఆపి పిట్టకథ అందుకుంటే నిద్రకు తూగే పిల్లలు సైతం లేచి కూర్చునేవారు. ఆదిభట్ల నారాయణదాసుగారి (1864–1945) కాలం నుండి ఆ సంప్రదాయం మనకు తెలిసినదే. బుర్రకథలో కథకుడికి ఇరుప్రక్కల నిలిచే వంతలలో ఒకరు హాస్యానికి, మరొకరు రాజకీయ వ్యాఖ్యానానికి. 1986లో పద్మశ్రీ అందుకున్న షేక్ నాజర్ గారి బుర్రకథ విన్న మా నాన్నగారు, కథ మరచిపోయిన తరువాత కూడా వంతల చమత్కారాలు చెప్పి నవ్వేవారు. ఇక అవధానంలోనైతే అప్రస్తుత ప్రసంగానికి ప్రత్యేకంగా ఒక పృచ్ఛకుడినే నియమించుకున్నాము. పద్యం బరువును మోయడానికి నవ్వు కూడా ఒక దూలమని మన పెద్దలకు తెలుసు.

శ్రీ ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారి కచేరీ చూసినవారికి ఈ సంగతి వేరుగా చెప్పనవసరం లేదు. పాట ముందు రచయిత పేరు, స్వరకర్త పేరు చెప్పడం, రికార్డింగు నాటి ముచ్చట ఒకటి వినిపించడం, వెనుక కూర్చున్న వాద్యకారుణ్ణి పేరుపెట్టి పిలిచి చప్పట్లు కొట్టించడం ఆయన అలవాటు. 1996లో ప్రారంభమైన 'పాడుతా తీయగా'లో పిల్లల తప్పులు దిద్దుతూ ఆయన చెప్పిన మాటలు ఎన్ని తెలుగు ఇళ్ళలో పాఠాలయ్యాయో లెక్కలేదు.

రెండవ కచేరీ 2025 జనవరి 26న అహ్మదాబాదు నరేంద్ర మోదీ స్టేడియంలో. ఉదయం ప్లాంటులో జెండావందనం ముగించుకుని, మా అమ్మాయితో కలిసి తాపీ నది దాటి స్టేషను చేరి రైలెక్కాను. బృందం కోల్డ్‌ప్లే. లండనులో విద్యార్థులుగా 1990 దశకం చివర కలిసిన నలుగురు నడివయసుకు వచ్చారు. యూ2 ముందు వీరు చిన్నవారే అయినా, పాతికేళ్ళకు పైబడిన అనుభవం గలవారు. ఆ రాత్రి లక్షకు పైగా జనం. ప్రతివారి మణికట్టుకూ ఒక దీపపు పట్టీ. పరారుణ సంకేతాలను అందుకుని అవన్నీ ఒక్కసారిగా రంగులు మార్చుతాయి. కచేరీ ముగియగానే తిరిగి ఇచ్చివేయాలి. ప్రేక్షకుల గంతులతో విద్యుత్తు పుట్టించే నేల, తొక్కితే కరెంటు ఇచ్చే సైకిళ్ళు వీరి పర్యటనలో భాగం. 2016–17 నాటి పర్యటనతో పోలిస్తే ప్రత్యక్ష కర్బన ఉద్గారాలను కచేరీకి కచేరీగా చూసి 59 శాతం తగ్గించినట్లు 2024 జూన్‌లో వారు ప్రకటించారు. ఇంధన రంగంలో ఉన్న మనకు ఇది ఆలోచించదగిన విషయం.

గాయకుడు క్రిస్ మార్టిన్ గుజరాతీలో సభను పలకరించగానే స్టేడియం హోరెత్తిపోయింది. ఉచ్చారణ ఎలా ఉన్నదని సూరత్‌లోనే పుట్టి పెరిగిన మా అమ్మాయిని అడిగాను. "మీ గుజరాతీ కంటె నయమే నాన్నా" అన్నది. కెమెరా ప్రేక్షకులలో ఒకరిని తెరపై చూపితే, అప్పటికప్పుడు వారిమీద పాట కట్టి పాడటం అతని అలవాటు. మన ఆశుకవిత్వానికి దూరపు చుట్టం. ఆ రాత్రి తెర మీద అహ్మదాబాదు వాడైన జస్‌ప్రీత్ బుమ్రా కనిపించాడు. ఇతడు క్రికెట్టులోకెల్లా మేటి బౌలరని కీర్తిస్తూనే, తమ ఇంగ్లాండు వికెట్లను వరుసగా కూల్చడం చూసి మాత్రం తమకు ఆనందం కలుగలేదని పాటలోనే చమత్కరించాడు. లక్షమంది నవ్వు వేదిక నుండి వెనక్కు వెళ్ళి మళ్ళీ తిరిగి రావడం చెవులారా విన్నాను. గణతంత్ర దినోత్సవ శుభాకాంక్షలు చెప్పి అతడు 'వందేమాతరం' అందుకున్నప్పుడు నా ప్రక్కన ఉన్న అపరిచితులందరూ గొంతు కలిపారు.

తిరుగు రైలులో మా అమ్మాయి తెల్లవారేదాకా మాట్లాడింది. ఇంట్లో మా ఇద్దరి సంభాషణ కొంతకాలంగా ఫీజులు, పరీక్షలు, రిజర్వేషన్లకు పరిమితమై పోయింది. ఆ రాత్రి కాకినాడ హాస్టలు గురించి తాను అడిగింది, నేను చెప్పాను. చదువు ముగిశాక ఈ ఊరు విడిచి దూరం వెళ్ళాలని ఉన్నదని తాను చెప్పింది, నేను విన్నాను. వేదిక మీది మాటలు మా మధ్య మాటలకు దారి వేశాయి.

నవీ ముంబయి కచేరీ ముగిసిన మూడు నెలలకు కరోనా వచ్చి సభలన్నీ మూతపడ్డాయి. 2020 సెప్టెంబరు 25న బాలుగారు కన్నుమూశారు. 2023 సెప్టెంబరు నుండి 2024 మార్చి దాకా యూ2 బృందం లాస్ వేగాస్‌లోని 'స్ఫియర్' భవనంలో 40 కచేరీలు చేసింది. శస్త్రచికిత్స కారణంగా ఆ కచేరీలలో లారీ మల్లెన్ కూర్చోలేకపోయాడు. ఆయన స్థానంలో మరొకరు వాయించారు. ఆనాడు నేరుల్‌లో ఒంటరిగా నడిచివచ్చి దరువు మొదలుపెట్టిన మనిషి ఆయనే. దశాబ్దాల శ్రమను శరీరం లెక్క వేసుకుంటుంది. ఆ లెక్క సంగీతకారుడికైనా, ఫిట్టరుకైనా ఒకటే.

బాలుగారి పాట నేటికీ మనవద్ద ఉన్నది. ఏ మీట నొక్కినా వినిపిస్తుంది. కాని రేపటి సభలో రేపటి శ్రోతను చూసి ఆయన ఏమనేవారో అది ఆయనతోనే వెళ్ళిపోయింది. ప్రత్యక్షంగా చూడటానికి ఇంత దూరం, ఇంత ఖర్చు ఎందుకని అడిగేవారికి ఇదే నా సమాధానం.

మన కర్మాగారాలలో కూడా ఇటువంటి సంపద ఉన్నది. పని విధానం మాన్యువల్‌లో ఉంటుంది. అది రికార్డు చేసిన పాట వంటిది. షిఫ్టు మారేవేళ లాగ్‌బుక్కుపై సంతకం పెడుతూ, టీ గ్లాసు పట్టుకుని, పెద్ద ఆపరేటరు అనే మాటలు ఏ మాన్యువల్‌లోనూ ఉండవు. శ్రీకాకుళం నుండి వచ్చిన మా సీనియరు ఒకరు, కంప్రెసరు మోతలో ఏదో తేడా ఉన్నదని మీటరు చూపకముందే చెప్పేవారు. ఎలా తెలిసిందని అడిగితే నవ్వి, ఒక కథ చెప్పేవారు. ఆ కథలలోనే సమాధానం ఉండేది. ఆయన పదవీ విరమణ చేసి చాలా కాలమైంది. మా షిఫ్టులో ఇప్పటికీ తేడా మోత వినబడితే ఎవరో ఒకరు ఆయన మాటనే తలుచుకుంటారు.

నాకు మరి కొద్ది సంవత్సరాల సర్వీసు మాత్రమే ఉన్నది. నా ఈడువారు అనేకులు ఈ రెండు మూడేళ్ళలో విరమించబోతున్నారు. వారిని వీడ్కోలు సభలో శాలువా కప్పి మాట్లాడించడం సరే. అంతకుముందే కంట్రోలు రూములో, బస్సులో, క్యాంటీనులో మాట్లాడనివ్వాలని, విరామంలో సెల్‌ఫోను ప్రక్కన పెట్టి ఆ మాటలు వినాలని యువ సహోద్యోగులకు నా మనవి. వచ్చే నెల నుండి మా విభాగంలో ప్రతి శుక్రవారం షిఫ్టు మార్పుకు ముందు పదిహేను నిమిషాలు ఇందుకోసం కేటాయించుకున్నాము. ఆసక్తి ఉన్న ఇతర విభాగాల వారికి కూడా ఇదే మా ఆహ్వానం.