వరస చూడని మంద

పాలకూ సేద్యానికీ రెండింటికీ నిలిచే జాతి ఒంగోలు. మా సత్తెనపల్లి నల్లరేగడిలో పత్తికీ మిరపకీ అరక తోలింది ఆ ఎడ్లే. ట్రాక్టర్లొచ్చాక చాలామంది ఆవుల్ని అమ్ముకున్నారు. నేను అమ్మలేదు. జాతిని కాపాడాలన్న పట్టుదల నాకుంది. దాన్ని చెడగొట్టింది కూడా ఆ పట్టుదలే.

పొరుగూళ్లో ఒక కోడెను కొన్నాను. కురచ కొమ్ములు, కాటుక దిద్దినట్టున్న కళ్లు, నలుపు తిరిగిన మూపురం, నిండుగా వేలాడే గంగడోలు. సుడులు చూడ్డానికొచ్చిన పెద్దలు కూడా వంక పెట్టలేదు. ఎదకొచ్చిన ప్రతి ఆవునూ దానికే దాటించాను. దానికి పుట్టిన పెయ్యలు ఎదిగాక వాటినీ దానికే దాటించాను. బయటి కోడె వస్తే జాతి చెడుతుందని భయం. “వరస చూడరా” అన్నాడు నాన్న. పశువులకు వరసేంటని కొట్టిపారేశాను. గుంటూరు పక్కన లాంలో, ప్రకాశం జిల్లా చదలవాడలో ప్రభుత్వ ఒంగోలు మందలున్నాయని తెలుసు. నా కోడెను మించింది అక్కడుంటుందనుకోలేదు.

రంగులో, ముఖంలో దూడలన్నీ తండ్రి పోలికే. ఒక దూడ మాత్రం పుట్టి చాలాసేపైనా లేవలేదు. ఎత్తి పట్టుకుని చన్ను నోటికందిస్తే రెండు గుటకలేసి తల వాల్చేసింది. బతకలేదు. నా రాత అనుకున్నాను. మిగతా పెయ్యలు ఆలస్యంగా ఎదకొచ్చాయి, దాటించినా చూలు నిలవలేదు. దాణా పెంచాను, ఖనిజ లవణాలు పెట్టాను.

చివరికి పశువైద్యుడు వచ్చి, ఒక పెయ్యను చూపి దీని తండ్రేదని అడిగారు. చూపించాను. దీని తల్లికి తండ్రేది? నాకు నోరు పెగల్లేదు. అదీ ఆ కోడే.

ప్రతి జబ్బూ వరస తప్పడం వల్లే అనలేమంటూనే ఆయన కాగితం మీద లెక్క వేశారు. జన్యువులు జంటలుగా ఉంటాయి. తండ్రికి కూతుర్ని కలిపితే పుట్టే దూడలో సగటున నాలుగో వంతు జంటల్లో రెండూ ఒకే మూలానివి. చాటున దాగిన లోపం అక్కడ బయటపడుతుంది. వంద ఆవులకు ఒకే కోడె ఉంటే, వైవిధ్యం లెక్కన ఆ మంద బలం నాలుగు పశువులంతే. ఆ అంకె చూశాక నాకు చాలా రోజులు మనసు కుదుటపడలేదు.

ఇది నా ఒక్క మంద సంగతే కాదు. బ్రెజిల్‌లో మన జాతే నెలోర్ పేరుతో కోట్లలో పెరిగింది. 1960ల తొలినాళ్లలో ఒంగోలు దగ్గరి కరవది నుంచి వెళ్లి, ఆ ఊరి పేరే మోసిన కోడె రక్తం అక్కడ లెక్కలేనన్ని మందల్లో ఉంది. తలలు కోట్లున్నా మూలపు కోడెలు కొన్నే. అయితే వాళ్ల దగ్గర వంశావళి పుస్తకాలున్నాయి, ఏది ఎవరి బిడ్డో చూసుకోగలరు. మనకు ఊళ్లలో ఆ రాతే లేదు. ఒకప్పుడు అచ్చువేసి వదిలిన ఆంబోతు ఊళ్లు తిరిగి రక్తాన్ని కలిపేది. ఇప్పుడు బండలాగుడు పోటీలో గెలిచిన ఎద్దు తండ్రి కోసం అందరం ఒకే గుమ్మానికి పోతున్నాం. ఆ కోడె తల్లి ఎన్ని పాలిచ్చిందో ఎవరూ అడగరు. పాల సంగతి వదిలేస్తే ఈ జాతిలో సగం పోయినట్టే.

నా కోడెను దాని సంతానం లేని ఊరికి ఇచ్చేశాను, వేరే వంశపు కోడెను తెచ్చుకున్నాను. ప్రతి దూడకూ తల్లి, తండ్రి, తల్లికి తండ్రి ఎవరో పుస్తకంలో రాస్తున్నాను. పెయ్యలు ఎదకొచ్చేలోపు కోడెల్ని మార్చుకుందామని చుట్టుపక్కల రైతులతో మాట్లాడాను. ఇద్దరు ఇంకా ఒప్పుకోలేదు. వాళ్ల కోడెలు నిజంగా అందమైనవి, వదలబుద్ధి కాదు. ఆ లెక్క కాగితం పట్టుకుని సంక్రాంతిలోపు మళ్లీ వాళ్లిళ్లకు వెళ్తాను.