దుష్నికీలో షోపెన్ ఉత్సవం

పోలండు దేశపటంలో నైరుతి మూలను చూస్తే, చెక్ దేశంలోకి వొక ముక్క పొడుచుకుని వెళ్ళినట్లు కనిపిస్తుంది. ఆ ముక్కలో, కొండల మధ్య, సముద్రమట్టానికి సుమారు 550 మీటర్ల ఎత్తున వున్నది దుష్నికీ. జనాభా అయిదువేలు కూడా వుండదు. మనవైపు ఆ వూరి పేరు విన్నవాళ్ళు అరుదు. అయినా ఏటా ఆగస్టు నెలలో పేరుమోసిన పియానో విద్వాంసులు పెట్టేబేడా సర్దుకుని అక్కడికి ప్రయాణం కడతారు. 1826లో పదహారేళ్ళ కుర్రవాడొకడు ఆ వూళ్ళో కొన్ని వారాలుండి, వైద్యులు తాగమన్న నీళ్ళు తాగి, వెళుతూ వెళుతూ వొక మంచి పని చేసి వెళ్ళాడు. ఆ కుర్రవాడు ఫ్రెడెరిక్ షోపెన్.

మా బావమరిది వ్రోత్స్వావ్ నగరంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. ఆ నగరంలో ఇప్పుడు మన తెలుగు పిల్లలు చాలామందే వున్నారు. "బావగారూ, వస్తే ఆగస్టులోనే రండి. షోపెన్ ఉత్సవం చూపిస్తాను. అక్కయ్య వీణ నేర్చుకున్న మనిషి గదా, ఆవిడకు తప్పక నచ్చుతుంది" అని పోరుపెట్టాడు. "ఆ పియానో మోత నాకేం తెలుస్తుందిరా!" అన్నది మా ఆవిడ. అంటూనే పెట్టెలో వులెన్ శాలువ వొకటి అడుగున పెట్టింది.

వ్రోత్స్వావ్ నుంచి దక్షిణంగా రైలు పట్టుకున్నాం. మొదట్లో గోధుమ కోసిన పొలాలు, ఎర్ర పెంకుటిళ్ళు. క్వొద్స్కో అనే పట్టణం దగ్గర కొండమీద పెద్ద కోట కనిపించింది. అక్కడి నుంచి రైలు కొండల్లోకి ఎక్కడం మొదలుపెట్టింది. స్టేషను వొక చోట, మేం దిగవలసిన విడిది మరో చోట. సామానుతో దిగువకు నడిచేసరికి మా ఆవిడకు ఈ యాత్ర మీద సదభిప్రాయం కాస్త తగ్గిందనే చెప్పాలి.

వూరి పూర్తిపేరు దుష్నికీ జ్ద్రుయ్. జ్ద్రుయ్ అంటే నీటివూట. కొండ అడుగున పుట్టే ఆ నీళ్ళలో ఇనుమూ, గ్యాసూ కలిసి వుంటాయి. వూట దగ్గర తోట, తోటలో బారులు తీరిన పెద్ద చెట్లు, వాటి కింద పెద్ద వయసువాళ్ళు మెల్లగా నడుస్తూ పింగాణీ కప్పుల్లోంచి గుటకగుటకగా తాగుతున్నారు. ఆ కప్పులకు మన వుగ్గుగిన్నెకు మల్లే ముక్కు వున్నది. వొక వూటకు షోపెన్ పేరే పెట్టుకున్నారు. నేనూ వొక కప్పు పట్టాను. తుప్పుపట్టిన గోళీసోడా తాగినట్లున్నది. ఆరోగ్యం సంగతి నీళ్ళకే తెలియాలి.

షోపెన్ నాటికి ఈ వూరు ప్రష్యా రాజ్యంలో వుండేది. పేరు రైనెర్ట్స్. మాట్లాడేది జర్మన్ భాష. వార్సాలో బడి చదువు ముగించిన ఫ్రెడెరిక్‌ను తల్లి వెంటబెట్టుకుని ఇక్కడికి తెచ్చింది. అక్క లుద్విక, చెల్లెలు ఎమీలియా కూడా వచ్చారు. నీళ్ళూ, విరిగిన పాల తేటా రొమ్ము జబ్బులకు మంచివని ఆనాటి వైద్యుల నమ్మకం. ఫ్రెడెరిక్ కొంచెం నలతగా వున్నాడు. అసలు రోగి ఎమీలియా. ఆ పిల్లకు క్షయ.

ఇక్కడి నుంచి ఆయన రాసిన ఉత్తరాలు మిగిలివున్నాయి. ఒకటి స్నేహితుడికి, మరొకటి సంగీతం నేర్పిన గురువు ఎల్స్‌నర్ గారికి. స్నేహితుడికి రాసినదాంట్లో అల్లరి అంతా వున్నది. పొద్దున్న ఆరుగంటలకల్లా రోగులందరూ వూట దగ్గర హాజరు కావాలట. వాళ్ళ వినోదానికని వొక బాకాల మేళం పక్కనే చెవులు చిల్లులుపడేలా వాయిస్తుందట. అందులో వాద్యగాళ్ళ ముక్కులూ మూతులూ సహా వర్ణించాడు. కొండలెక్కి, దిగేటప్పుడు వొక్కోచోట చేతులూ కాళ్ళూ నేలకు ఆనించి దిగాననీ రాశాడు. చుట్టుపక్కల అందరూ చూసివచ్చే పెద్ద రాతికొండకు మాత్రం తనను వెళ్ళనివ్వలేదని బాధ. గురువుగారి ఉత్తరంలో కొరత వేరు. ప్రకృతి అంతా బాగున్నది గాని, వూరు మొత్తం మీద చెప్పుకోదగ్గ పియానో వొక్కటి లేదు!

అలాంటి వూళ్ళో ఆయన వాయించవలసి వచ్చింది. వైద్యానికి వచ్చిన మనిషి వొకాయన ఇక్కడే చనిపోయాడు. పిల్లలు దిక్కులేనివాళ్ళయినారు. ఈ కుర్రవాడి విద్య ఎరిగినవాళ్ళు పూనుకుని, ఆ పిల్లల కోసం కచేరి చెయ్యమన్నారు. రెండు కచేరీలు చేశాడని ఆ నెలలోనే వార్సా పత్రికలో వార్త పడింది. వసూలైన డబ్బు పిల్లలకు ఇచ్చారు. పియానో బాగాలేదన్న సంగతి ఆనాడు వినేవాళ్ళకు గుర్తు వుండివుండదు.

ఇందులో విచిత్రం ఏమంటే, అంతకు మూడేళ్ళ ముందు, 1823లో, ఇదే వూళ్ళో మరో కుర్రవాడు ధర్మకచేరి చేశాడు. అతడు మెండెల్‌సన్. అప్పుడతని వయసు పద్నాలుగు. అతని పినతండ్రికి ఈ ప్రాంతంలో ఇనుప కార్ఖానా వుండేది. మోజార్టు కృతి వాయించవలసింది, తీరా తోడు వాయించే స్థానిక మేళం అన్యాయంగా వుండటంతో, దాన్ని పక్కకు పెట్టి మనోధర్మంగా వాయించి సభను మెప్పించాడు. మెండెల్‌సన్ 1809లో, షోపెన్, షూమన్ 1810లో, లిస్ట్ 1811లో పుట్టారు. మూడేళ్ళ వ్యవధిలో పుట్టిన ఈ నలుగురూ ఐరోపా సంగీతాన్ని వొక మలుపు తిప్పారు. వీళ్ళను రొమాంటిక్ సంగీతకర్తలంటారు. క్లాసులో మా పిల్లలకు చెప్పవలసివస్తే, ఇదంతా వాళ్ళ భావకవిత్వం అంటాను. మన కృష్ణశాస్త్రిగారి తరానికి స్ఫూర్తినిచ్చిన ఇంగ్లీషు కవులూ, వీళ్ళూ ఒకే గాలి పీల్చినవాళ్ళు. నియమం కన్న అనుభూతి మిన్న అనుకున్నవాళ్ళు.

చెల్లెలికి నీళ్ళు పనిచెయ్యలేదు. మరుసటేడు ఏప్రిల్‌లో ఎమీలియా పోయింది. పద్నాలుగేళ్ళ పిల్ల. పరాయి పిల్లల కోసం సభలో వాయిస్తున్న ఆ అన్నకు, విడిదిలో దగ్గుతున్న చెల్లెలు జ్ఞాపకం వచ్చివుండదా అని మా ఆవిడ తోటలో బెంచీ మీద కూర్చుని అడిగింది. నేను జవాబు చెప్పలేదు. బావమరిది మాత్రం, "అక్కా, లేచి రా, హాలు చూద్దాం" అన్నాడు.

ఆ హాలును షోపెన్ మందిరం అంటారు. 19వ శతాబ్ది తొలి సంవత్సరాల్లో కట్టినది. ముందు తెల్లని స్తంభాలు, లోపల మన మోస్తరు కల్యాణమంటపం పాటి జాగా. షోపెన్ వాయించినది ఇక్కడే అంటారు. గొప్ప నగరాల్లోని సంగీతశాలలు చూసిన కళ్ళకు ఇది ఆనదు. కాని వొక సదుపాయం వున్నది. ఎక్కడ కూర్చున్నా వాయించేవాడి ముఖం కనిపిస్తుంది.

ఇక ఉత్సవం కథ. అది 1946లో మొదలైంది. ఆ సంవత్సరం గుర్తుంచుకోవలసినది. యుద్ధం ముగిసి ఏడాది. హిట్లరు సేనల ఏలుబడిలో పోలండులో షోపెన్ సంగీతం బహిరంగంగా వాయించడం నిషేధం. వార్సాలోని ఆయన విగ్రహాన్ని 1940 మే నెలలో పేల్చివేశారు. ఆయన దేహం పారిస్‌లో వున్నా, గుండెను అక్క లుద్విక వార్సాకు తెచ్చింది. దుష్నికీకి వెంటవచ్చిన లుద్వికే. యుద్ధంలో చర్చి నుంచి తరలిపోయిన ఆ గుండె 1945 అక్టోబరు 17న తిరిగి స్వస్థానం చేరింది. పది నెలలకు ఇక్కడ ఉత్సవం. తొలి ఉత్సవంలో వాయించినవారిలో జోఫియా రబ్త్సేవిచ్ అనే పెద్దావిడ వొకరు. 1870లో పుట్టిన మనిషి. మరుసటేడే కాలం చేసింది.

అయితే 1946 ఆగస్టులో ఈ హాల్లో కూర్చుని విన్నది ఎవరు? అక్కడే చిక్కు వున్నది. 1945లో సరిహద్దులు మారి రైనెర్ట్స్ పోలండుకు వచ్చింది. తరతరాలుగా ఇక్కడ వున్న జర్మన్లను పంపివేశారు. తూర్పున సోవియట్ యూనియన్‌లో కలిసిపోయిన తావుల నుంచి, కాలిన నగరాల నుంచి పోలిష్ కుటుంబాలు మూటాముల్లెతో వచ్చి ఖాళీ ఇళ్ళలో దిగాయి. 1826 నాటి కచేరిని తాతముత్తాతల నోట విన్నవాళ్ళు వెళ్ళిపోయారు. వచ్చినవాళ్ళకు వీధుల పేర్లు కూడా తెలియవు. తెలిసినదల్లా షోపెన్ ఇక్కడ వాయించాడన్న వొక్క మాట. ఆ మాటను పట్టుకుని వూరును తమది చేసుకున్నారు. ఇందులో రాజకీయం లేదనను. ఈ నేల మాదే అనడానికి ఆనాటి ప్రభుత్వానికి షోపెన్ మంచి సాక్షి. కాని వొక్క ప్రభుత్వం చెయ్యమంటే ఏ పండుగా ఇన్నేళ్ళు నిలవదు. ప్రభుత్వం మారిపోయింది, ఉత్సవం ఏటేటా జరుగుతూనే వున్నది.

మా విడిది యజమానురాలికి డెబ్బై దాటివుంటాయి. తల్లి 1946లో ల్వూవ్ ప్రాంతం నుంచి ఒక పరుపూ, ఒక కుట్టుమిషనూ పట్టుకుని ఈ ఇంట్లో దిగిందట. బావమరిది తనకు వచ్చిన పోలిష్‌తో తంటాలుపడుతూ ఆవిడ మాటలు మాకు చెప్పాడు. తల్లి చాలా ఏళ్ళపాటు మూటలు పూర్తిగా విప్పలేదట. ఈ ఇల్లు మనకు వుంటుందో వుండదో అని. బీరువాలో పైఅరలో వొక పింగాణీ కప్పు. ముక్కున్న కప్పే. దాని మీద జర్మన్ అక్షరాలు. రైనెర్ట్స్ అని.

"వాళ్ళు వచ్చేవారు" అన్నది ఆవిడ. ఈ ఇంట్లో పుట్టి, చిన్నతనంలో వెళ్ళగొట్టబడినవాళ్ళు, పెద్దవాళ్ళయి సెలవుల్లో చూడవచ్చేవారట. లోపలికి రారు. గేటు దగ్గర నిలబడతారు. తల్లి మొదటిసారి తలుపు వేసుకున్నది. రెండోసారి టీ ఇచ్చింది. వొక ముసలామె వచ్చినప్పుడు ఆ కప్పు తీసి, మీదే, తీసుకువెళ్ళమన్నది. ఆమె కప్పు తిప్పి తిప్పి చూసి, అదే కప్పులో టీ పోయించుకుని తాగి, బల్లమీద పెట్టి వెళ్ళిపోయిందట.

మా ఆవిడ ఆ కప్పు అడిగి చేతిలోకి తీసుకుని, కొంగుతో తుడిచి మళ్ళీ ఇచ్చింది.

నాకు తిరువయ్యారు జ్ఞాపకం వచ్చింది. త్యాగరాజస్వామి 1847లో సిద్ధిపొందారు. షోపెన్ మరి రెండేళ్ళకు పోయాడు. కావేరి వొడ్డున ఆ సమాధికి గుడి కట్టించినది మైసూరు సీమలో పుట్టిన బెంగుళూరు నాగరత్నమ్మ. ఆరాధననాడు పంచరత్నాలు గొంతెత్తి పాడేవాళ్ళలో చాలామందికి తెలుగు ఇంటిభాష కాదు. అక్కడ కూర్చుని విన్న నాడు తెలుగువాడినన్న గర్వం నాకు కలిగిన మాట నిజం. దుష్నికీలో ఆ గర్వం కాస్త వొదిగింది. వాటిని అన్నేళ్ళు కాపాడినది ఎవరని ఆలోచన పుట్టింది.

సాయంత్రం కచేరి. వాయించినది పాతికేళ్ళు నిండని యువకుడు. షూమన్‌తో మొదలుపెట్టి, షోపెన్ మజుర్కాలకు వచ్చాడు. మజుర్కా అంటే పోలండు పల్లెటూరి నృత్యం. మూడు అక్షరాల నడక. దెబ్బ మాత్రం అనుకున్నచోట పడదు. రెండోదాని మీదో మూడోదాని మీదో పడుతుంది. రెండు మజుర్కాలు అయ్యేసరికి మా ఆవిడ నా చెవిలో అన్నది, "ఏమండీ, తాళం ఎడమచేతిలో వున్నది. కుడిచేతిని స్వేచ్ఛగా తిప్పుతున్నాడు. మనవాళ్ళు సాహిత్యం సాగదీసి పాడి మళ్ళీ సమానికి రారూ, అట్లా." షోపెన్ తన శిష్యులకు చెప్పినది సరిగ్గా ఇదేనని శిష్యులు రాసిపెట్టారు. ఎడమచెయ్యి మేళనాయకుడిలా కాలం తప్పకూడదు, కుడిచెయ్యి పాడాలి. పాట అంటే ఎట్లా వుండాలో తెలియాలంటే ఇటలీ గాయకులను వినమనేవాడు.

కష్టమంతా అక్కడే వున్నది. వీణతీగను లాగి గమకం పలికించవచ్చు. పియానో మెట్టు నొక్కగానే స్వరం పుట్టి, మరుక్షణం నుంచి క్షీణిస్తుంది. దాన్ని పెంచే ఉపాయం లేదు. ఆ క్షీణించే స్వరాలను వొకదాని చెయ్యి వొకటి పట్టుకునేటట్లు పేర్చి, పాడుతున్న భ్రమ కల్పించడమే షోపెన్ విద్య. "పోయే స్వరంతో ఏడిపిస్తాడు" అన్నది మా ఆవిడ. ఎమ్మే చదివిన నాకు ఆ మాట తట్టలేదు.

ఉత్సవంలో వొక రాత్రిని నాక్టర్న్ అంటారు. నిశాగీతం అనుకోండి. ఆ రాత్రి హాల్లో దీపాలు తీసివేసి కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఆ ఏటి విద్వాంసుల్లో కొందరు వొకరి తరవాత వొకరు వచ్చి వాయిస్తారు. మధ్యమధ్య మాటలు చెబుతారు. మాటలు అర్థంకాక మా బావమరిది వైపు చూస్తే, అతను కళ్ళు మూసుకుని వున్నాడు. వింటున్నాడో నిద్రపోతున్నాడో అడగలేదు. మా యజమానురాలు మూడు వరసల ముందు, నల్ల కోటు తొడుక్కుని నిటారుగా కూర్చున్నది. చిన్నప్పటి నుంచి వూళ్ళో వుంటే ఈ రాత్రి తప్పిపోలేదట.

అయ్యేసరికి చాలా పొద్దుపోయింది. తోటలో చలి. మా ఆవిడ శాలువ సగం ఆవిడకు కప్పింది. ఇద్దరూ భాష లేకుండానే ఏదో చెప్పుకుంటూ ముందు నడిచారు. గేటు దగ్గర ఆవిడ ఆగి, ఆరు వేళ్ళు చూపించి, వూట వైపు చెయ్యి చూపించింది.

"పొద్దున్న ఆరింటికి నీళ్ళు తాగడానికి మనల్ని లేపుతుందట బావగారూ" అన్నాడు మా బావమరిది, దిగులుగా.